మన్ననూరు గేటుకు ఎన్నింటికి చేరాలి?

నల్లమల, డిండి, సాగర్, సోమశిల దారుల్లో సైకిల్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

డిండి కట్ట గురించి కిందటి నెల రాసిన నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. దేవరకొండ చుట్టుపక్కల బడుల్లో ఇరవై రెండేళ్లు పీఈటీగా, అంటే ఆటల టీచరుగా చేశాను. రిటైరైనా వారానికి మూడు పొద్దులు సైకిల్ మీదే ఉంటాను. ఈ దారులు నాకు కాళ్లతో తెలుసు కాబట్టి, తెలిసినంత చెబుతాను.

ప్రశ్న: మేడమ్, మాది నల్లగొండ, ఉద్యోగాలు హైదరాబాద్‌లో. నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి డిసెంబర్‌లో ఒక్క రోజులో శ్రీశైలం చేరాలని ప్లాన్ చేశాం. వంద కిలోమీటర్లు ఐదు గంటల్లో తొక్కేస్తున్నాం. 213 కిలోమీటర్లకు పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి?
*ఒక పాఠకుడు, నల్లగొండ*

బాబూ, ఎన్నింటికి బయల్దేరాలన్నది తర్వాత చూద్దాం. నల్లమల అడవి మొదట్లో ఉండే అటవీశాఖ చెక్‌పోస్టు, అదే మన్ననూరు గేటుకు ఎన్నింటికి చేరాలన్నది ముందు తేల్చుకోండి. ఆ దారిలో అన్నీ ఆ గేటు చుట్టూనే తిరుగుతాయి.

మీ లెక్కే తీసుకుందాం. గంటకు 20 కిలోమీటర్లు. కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, కల్వకుర్తి, డిండి దాటి, హాజీపూర్ మీదుగా మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరినా తొక్కుడే ఏడు గంటలు. టీలు, టిఫిన్, ఒక పంచర్ కలుపుకుంటే మధ్యాహ్నం పన్నెండు, ఒంటి గంట. అప్పటికే కాళ్లలో 140 కిలోమీటర్ల అలసట ఉంటుంది. అసలు ఎక్కుడు మొదలయ్యేదీ ఆ చివర్లోనే. హాజీపూర్ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ గుట్ట ఎక్కి మన్ననూరు చేరుతుంది. పైకి వచ్చేశాం కదా, ఇక చదునే అనుకుంటారు. కాదు. ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట వరకు ఎక్కుడు, దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఒక్కొక్కటి చిన్నదే అయినా అన్నీ కలిసి మనిషిని పిండేస్తాయి.

ఈగలపెంట దాటాక ఘాట్ దిగి కృష్ణ దగ్గరికి వెళ్తారు. అలసిపోయిన చేతులతో బ్రేకులు పట్టుకుని దిగాల్సిన చోటు అది. డ్యామ్ కింద వంతెన దాటగానే సుండిపెంట వైపు మళ్లీ ఎక్కాలి. దిగిందంతా ఎక్కాల్సిందే. డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. చీకట్లో ఆ ఘాట్‌లో ఎదురుగా బస్సు లైట్లు పడితే కళ్లకు మలుపు కనిపించదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు అడవిలోకి బండ్లను వదలరని మీకు తెలిసే ఉంటుంది. తొమ్మిది దాకా టైముందిలే అని లెక్క వేసుకోకండి. ఆ తొమ్మిది కార్లకు, బస్సులకు. సైకిల్ మీద ఉన్నవాళ్లు సాయంత్రం ఐదుకల్లా అడవి దాటి ఉండాలి.

అందుకే నా మాట వినండి, రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు హైదరాబాద్ నుంచి మన్ననూరు. అక్కడ అటవీశాఖ కాటేజీలున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే అచ్చంపేటలో లాడ్జీలున్నాయి. దారిలో డిండి దగ్గర ఒక గంట ఆగండి. నిజాం కాలంలో కట్టిన ప్రాజెక్టు అది. మంచి వానలు పడ్డ ఏడాది మత్తడి దుంకుతుంటే ఆ చప్పుడు రోడ్డు మీదికే వినిపిస్తుంది. రెండో రోజు ఆరింటికి గేటు తెరవగానే లోపలికి వెళ్లండి. శ్రీశైలం ఇంకో 70 కిలోమీటర్లు ఉంటుంది. కాళ్లు తాజాగా ఉంటాయి, ఎండ ఉండదు, మధ్యాహ్నానికల్లా చేరతారు.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య ఆ అడవిని చూడాలి. నల్లమద్ది చెట్ల మొదళ్లలో ఇంకా మంచు ఉంటుంది. వెదురు పొదల్లో అడవి కోళ్లు గీరుతుంటాయి. మీ చైన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని నిమిషాలు దొరుకుతాయి. ఒకసారి ఫరహాబాద్ దాటాక దుప్పి ఒకటి రోడ్డు మధ్యలో నిలబడి నన్నే చూసింది. ముప్పై అడుగుల దూరంలో బ్రేకు వేసి, ఒక కాలు కింద పెట్టి నిలబడ్డాను. దాని చెవి ఒక్కటి నా వైపు తిరిగింది, రెండోది అడవి వైపే ఉంది. ముక్కు తడిగా మెరుస్తోంది. కాసేపటికి నెమ్మదిగా దిగి వెళ్లిపోయింది. కారులో ఉన్నవాళ్లకు ఇది దొరకదు. మధ్యాహ్నం ఒంటి గంటకు తల దించుకుని తొక్కే మీకూ దొరకదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కోర్ ప్రాంతమే రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైన ఉంది. 2014 వరకు అది నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో భాగం. రాష్ట్రాలు విడిపోయాక వేరైంది. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలు ఉన్న చోటు. హైవే మీద తొక్కుకోవచ్చు కానీ పక్క దారుల్లోకి అనుమతి లేకుండా సైకిల్ దించకండి. ఫరహాబాద్ వ్యూపాయింట్ చూడాలంటే సైకిళ్లు బయట పెట్టి అటవీశాఖ సఫారీ జీపులోనే వెళ్లాలి. వానాకాలంలో అది కూడా ఉండదు.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకండి. రిమ్ బ్రేకులైతే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందే గట్టిగా రెండు బ్రేకులూ పట్టి, వేగం తగ్గించి, వదిలేసి తిరగాలి. మలుపు మధ్యలో పట్టొద్దు. చివరగా, శ్రీశైలం గేట్లు ఎత్తిన వారాంతాల్లో అటు అసలు వెళ్లకండి, కార్ల వరస కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. శివరాత్రికి ముందు పది రోజులు కూడా వద్దు. రోడ్డంతా కాలినడకన వెళ్లే శివస్వాములే ఉంటారు. వాళ్ల దారి వాళ్లకు వదలాలి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. గేర్ల సైకిల్ కొనిచ్చాం. మిర్యాలగూడ నుంచి నాగార్జునసాగర్‌కు ఫ్రెండ్స్‌తో వెళ్తానని రోజూ గొడవ. పంపించమంటారా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
*ఒక తల్లి, మిర్యాలగూడ*

అమ్మా, మీ టెన్షన్ న్యాయమైనదే. అబ్బాయి కోరికా న్యాయమైనదే. హాలియా మీదుగా వెళ్లే ఆ రోడ్డు పిల్లల కాళ్లకు ఎక్కువేం కాదు. సాగర్ దగ్గరికి వచ్చేదాకా పెద్ద గుట్టలు లేవు, ఎడమ కాలువ ఉన్న ప్రాంతం కాబట్టి పచ్చగానే ఉంటుంది. భయం దూరంతో కాదు, లారీలతో. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. వడ్లు వచ్చే రోజుల్లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఆ రోడ్డు ధాన్యం లారీలదీ ట్రాక్టర్లదీ.

ఇంకొకటి, ఇది బయటివాళ్లెవరూ చెప్పరు. ఆ రోజుల్లో రోడ్డు మీద సగం వడ్లు ఆరబోసి ఉంటాయి. సన్న టైరు వడ్ల మీద ఎక్కితే గోళీల మీద ఎక్కినట్టే, పక్కకు లాగేస్తుంది. కుప్ప అంచుకు రాళ్లు పెడతారు. సాయంత్రం మంచు పడకుండా నల్ల పట్టా కప్పుతారు. మసక వెలుతురులో ఆ పట్టా రోడ్డులో కలిసిపోతుంది. మా బడి పిల్లవాడొకడు అలాగే పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రైతును తిట్టి లాభం లేదు, కల్లం లేనివాళ్లు ఇంకెక్కడ ఆరబోస్తారు? మనమే ఆ రోజులు మానుకోవాలి.

జనవరిలో పంపండి. ఆదివారం పొద్దున. పెద్దవాళ్లు ఒకరు బైక్ మీద వెనకే వెళ్లాలి, ముందు కాదు. హెల్మెట్ లేకుండా గడప దాటనివ్వకండి. వెళ్లేది తొక్కుకుంటూ, వచ్చేది సైకిళ్లు ట్రాలీ ఆటోలో వేసుకుని. పిల్లలకు మొదటిసారి అదే సరిపోతుంది. డ్యామ్ మీదికి వెళ్లనివ్వరు, దిగువనున్న వంతెన మీద నిలబడి చూడొచ్చు. 26 గేట్లనూ వరుసగా లెక్కపెట్టమనండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారనీ, 1967లో కాలువలకు నీళ్లు వదిలారనీ అక్కడే చెప్పండి. వాళ్లు దారిలో చూసిన పచ్చదనం ఆ నీళ్లదే కాబట్టి పుస్తకంలో చదివినదానికంటే బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. షుగర్ ఉంది. డాక్టర్ సైకిల్ తొక్కమన్నారు. నా దగ్గరున్నది గేర్లు లేని పాత సైకిల్. మహబూబ్‌నగర్ దగ్గర నీళ్లు, గుట్టలు కనిపించే దారి ఏదైనా చెప్పండి.
*ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్*

అన్నా, పాత సైకిలే చాలు. గొలుసుకు నూనె, బ్రేకులకు కొత్త రబ్బర్లు, సీటు ఎత్తు సరిచేయడం, ఈ మూడూ చేయించండి. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. మనవాళ్లు సీటు బాగా కిందికి పెట్టుకుని తొక్కుతారు, మోకాళ్ల నొప్పులు దానివల్లే.

మొదటి నెల పిల్లలమర్రి దాకా వెళ్లి రండి, చాలు. తర్వాత దేవరకద్ర రోడ్డు మీద కొద్దికొద్దిగా పెంచండి. దారిలో మన్యంకొండ కనిపిస్తుంది. స్వామికి కింద నుంచే దండం పెట్టుకోండి, గేర్లు లేని సైకిల్‌తో ఆ గుట్ట ఇప్పుడే వద్దు. మూడో నెలకు కోయిల్‌సాగర్ పెట్టుకోండి. రెండు గుట్టల మధ్య పెద్దవాగుకు అడ్డంగా కట్టిన ప్రాజెక్టు. పొద్దున్నే వెళ్తే నీళ్ల మీది గాలికి అలసట తెలియదు.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు తొక్కేటప్పుడు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే దిగి కూర్చోండి. జేబులో చక్కెర పొట్లమో గ్లూకోజ్ పొడో ఎప్పుడూ ఉండాలి. పరగడుపున తొక్కొద్దు. మందు మోతాదు మార్చాలా అన్నది మీ డాక్టర్‌నే అడగండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. పాదానికి దెబ్బ తగిలితే మీకు తెలియకపోవచ్చు.

ప్రశ్న: అచ్చంపేటలో ఉద్యోగం చేస్తున్నాను. ఒంటరిగా సైకిల్ మీద వెళ్లాలని ఉంది. ఆడవాళ్లు ఒక్కరే వెళ్లగలిగిన దారి ఉందా మేడమ్?
*ఒక పాఠకురాలు, అచ్చంపేట*

ఉంది తల్లీ, మీ ఇంటి దగ్గరే ఉంది. రంగాపూర్ మీదుగా ఉమామహేశ్వరం. పొద్దున ఆరున్నరకు బయల్దేరితే పదిన్నరకు ఇంట్లో ఉంటావు. కింద భోగమహేశ్వరం దాకా పొలాల మధ్య దారి. అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఎక్కలేకపోతే దిగి నడిపించు, అందులో చిన్నతనం ఏం లేదు. నేను ఇప్పటికీ ఆఖరి మలుపు నడిచే ఎక్కుతాను. పైన రాతి కింద గుడి, పక్కన పాపనాశనం. రాతి పొరల్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటాయి. ఎర్రటి ఏప్రిల్‌లోనూ ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు కాబట్టి భక్తులు, పూజారులు, కొబ్బరికాయల కొట్ల ఆడవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒంటరి దారి కాదు.

కోతుల సంగతి. హ్యాండిల్‌కు సంచి తగిలించొద్దు, అందులో తినేది ఉందని వాటికి తెలుసు. పళ్లు ఇకిలించినా కళ్లలోకి చూడకుండా ముందుకు సాగిపో. తినడానికి ఏమీ వెయ్యొద్దు. మనం వేసే అరటిపండు కోసమే అవి రోడ్డెక్కి బండ్ల కింద పడుతున్నాయి. మన్ననూరు పైన ఎన్నిసార్లు చూశానో, తల్లి కోతి చచ్చిపోతే పిల్ల దాని పొట్టను పట్టుకునే ఉంటుంది.

ఎప్పుడు వెళ్లినా ఇంట్లో ఒకరికి దారి, తిరిగొచ్చే టైము చెప్పి వెళ్లు. అడవిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. బాత్రూమ్ కోసం గుడి, పెట్రోల్ బంకు, బస్టాండ్ ఎక్కడున్నాయో ముందే చూసుకో. నీళ్లు తాగడం మాత్రం తగ్గించొద్దు. మన ఆడవాళ్లందరం చేసే తప్పు అదే.

ప్రశ్న: పంచర్‌లతో విసిగిపోయాను. ఊళ్లలో మా సైకిళ్లకు ట్యూబులు దొరకవు. ఏం చేయాలి?
*ఒక పాఠకుడు, దేవరకొండ*

దొరకవు. మన ఊరి షాపుల్లో ఉన్నది మామూలు సైకిళ్ల సామాను. మీ రోడ్ సైకిల్ ట్యూబుకు గాలి కొట్టే వాల్వు సన్నది, వాళ్ల పంపు దానికి పట్టదు. పదుల రూపాయల్లో వచ్చే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి తాళంచెవుల గుత్తికి వేసుకోండి, మోటారు బండ్లకు గాలి కొట్టే పంపయినా పనికొస్తుంది. రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు ఊడదీసే లివర్లు, చేతి పంపు మీతోనే ఉండాలి.

కొత్త ట్యూబు కొన్నాక ఇంట్లో ఒకసారి ఎక్కించి చూడండి. నేను చూడలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ట్యూబు పెట్టెలోనే ఉంచి వటవర్లపల్లి వెళ్లాను. తిరుగుదారిలో సాయంత్రం నాలుగున్నరకు వెనక టైరు పోయింది. ట్యూబు మార్చాక చూస్తే వాల్వు పొట్టిది. నా రిమ్ము లోతు ఎక్కువ కావడంతో వాల్వు మొన గోరంతే బయటికి వచ్చింది. పంపు పట్టదు. అరగంట ప్రయత్నించాను. పొద్దు చెట్ల వెనక్కి వెళ్లింది, కోతులు కూడా చెట్లెక్కేశాయి. చేతులు వణకడం నాకు అప్పుడే తెలిసింది. పాల వ్యాను అతను ఒకాయన ఆపి, ఖాళీ క్యాన్ల మధ్య సైకిల్ పెట్టించి మన్ననూరులో దింపాడు. డబ్బు తీసుకోలేదు. ఆ రోజు నుంచి పెట్టె మీద వాల్వు పొడవు చదవకుండా ట్యూబు కొనలేదు.

పంచర్లకు కారణం సగం పల్లేరు కాయలే, మిగతా సగం తుమ్మ ముళ్లు. వానలు ఆగాక రోడ్డు అంచున మట్టిలో పల్లేరు పరుచుకుని ఉంటుంది. ఆగినప్పుడల్లా సైకిల్‌ను మట్టిలోకి దించకండి, తారు మీదే ఎత్తి పట్టుకోండి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల గుడ్డతో తుడవండి. ముల్లు అక్కడే ఉంటే రెండో ట్యూబూ పోతుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లుంటే, ఫ్రేములో చోటుంది అనుకుంటే 28కో 32కో మారండి.

ప్రశ్న: వీటన్నిటిలో మీకు బాగా ఇష్టమైన దారి ఏది?
*ఒక పాఠకురాలు, వనపర్తి*

కొల్లాపూర్ నుంచి సోమశిల. పది కిలోమీటర్లే. దూరం చూసి చిన్నబుచ్చుకోకండి, ముందు సింగోటం చెరువు కట్ట మీద కూర్చుని వెళ్లండి. లక్ష్మీనరసింహస్వామి గుడి పక్కన ఆ చెరువు పేరు శ్రీవారి సముద్రం. సోమశిల దగ్గర కృష్ణ ఒక్కసారిగా విప్పుకుని, గుట్టల మధ్య దీవులతో కనిపిస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు అవి. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. అక్కడి గుళ్లను రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టారు. సోమశిల సోమేశ్వరుడి గుడి, కొల్లాపూర్ మాధవస్వామి గుడి అలా వచ్చినవే. మాధవస్వామి గుడి గోడ మీద వేలు పెట్టి చూస్తే రాళ్ల అతుకులు తెలుస్తాయి. మే నెలలో వెళ్తే ఎండ తట్టుకోలేరు కానీ కొల్లాపూర్ మామిడి ఉంటుంది. నేను ఆ ఒక్కదాని కోసం ఏటా మేలో ఒకసారి, తెల్లవారుజామునే వెళ్లి ఎనిమిదికల్లా తిరిగొస్తాను.

ప్రశ్న: టీచర్, మాది వటవర్లపల్లి. తొమ్మిదో తరగతి. మా ఊరి మీదుగా ఆదివారాలు గేర్ల సైకిళ్ల వాళ్లు పోతుంటారు. వాళ్లు ఆగరు. అంత తొందరగా ఎక్కడికి పోతారు? నాకు ఆ సైకిల్ ఒక్కసారి తొక్కాలని ఉంది.
*ఒక విద్యార్థిని, వటవర్లపల్లి*

బిడ్డా, శ్రీశైలం పోతారు. చీకటి పడకముందు ఘాట్ దాటాలని వాళ్ల తొందర. అయినా మీ ఊళ్లో ఆగాలి. మొదటి ప్రశ్న అడిగిన నల్లగొండ అన్నలకు కూడా చెబుతున్నాను, మీ ఊరి హోటల్లో టీ తాగి, నీళ్లు నింపుకుని, ఏ మలుపులో పొద్దున పూట ఎలుగు రోడ్డు దాటుతుందో మీలాంటి పిల్లల్ని అడిగి వెళ్లమని. ఆ సంగతి ఏ ఫోన్ మ్యాపూ చెప్పదు.

డిసెంబర్ రెండో ఆదివారం నేను మీ ఊరు వస్తున్నాను. గేటు తెరవగానే బయల్దేరితే ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. బస్సు ఆగే చోట ఉండు. మీ అమ్మనో నాన్ననో వెంట తెచ్చుకో. నా సైకిల్ నీకు ఎత్తవుతుంది, సీటు దించడానికి పానా నా సంచిలో ఉంది. బూట్లు లేకపోయినా పర్లేదు, చున్నీ మాత్రం నడుముకు కట్టుకుని రా.